సన్మాన పత్రం చదవాల్సిన పిల్లవాడు

ముప్పై ఆరేళ్ళకు రిటైరయ్యేవాళ్ళు క్రికెట్‌లో కనిపిస్తారు. చర్చి ఉద్యోగాల్లో బహుశా నేనొక్కదాన్నే. మా మేత్రాసనంలో, అంటే మా బిషప్ గారి కిందికి వచ్చే చర్చిలు, బడులు, హాస్టళ్ళు అన్నిటికీ కలిపి, పిల్లల రక్షణ చూసే ఉద్యోగం నాది. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా రైల్లో, కనిగిరి, దర్శి దాకా బస్సుల్లో తిరిగాను. మానేసిన రోజు నాకెవరూ శాలువా కప్పలేదు. శాలువాల మీద నా అభిప్రాయం అప్పటికే అందరికీ తెలుసు.

నా కుర్చీలోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. చేరిన వారానికి ఫోన్ చేసింది. "అక్కా, ఫైళ్ళన్నీ చదివినా. పని ఏందో మాత్రం అర్థం కాలా" అంది. నాకు ఆ అమ్మాయి మీద నమ్మకం కుదిరింది. అర్థమైందని చెప్పి ఉంటే భయపడేదాన్ని. ఫైళ్ళలో లేని సంగతులు ఆమె కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఫిర్యాదుల పెట్టె

చేరగానే నా చేతిలో ఒక విధాన పత్రం పెట్టారు. మంచి పత్రమే. పెద్దవాళ్ళు పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, తలుపులకు అద్దాలుండాలి, ప్రతి హాస్టల్లో ఫిర్యాదుల పెట్టె ఉండాలి. నేను చూసిన మొదటి హాస్టల్లో పెట్టె ఉంది. ఫాదర్ గారి ఆఫీసు గుమ్మం పక్కనే, మేకుకు వేలాడుతోంది. తాళంచెవి కూడా ఫాదర్ గారి దగ్గరే. తెరిపిస్తే చారు నీళ్ళలా ఉందని కొన్ని చీటీలు, గుడ్డు పెంచమని కొన్ని, ఎవరిదో పెళ్ళిపత్రిక ఒకటి దొరికాయి. పెట్టెను బోరింగు పక్కకు మార్పించాను. మళ్ళీ వెళ్ళేసరికి అందులో పిచ్చుక గూడు పెట్టింది. "కదిలించొద్దు మేడం, పిల్లలు ఏడుస్తారు" అంది హాస్టల్ చూసే సిస్టర్. పిల్లల క్షేమం దృష్ట్యా అలాగే ఉంచాం.

పెట్టెలు ఉండాల్సిందే. కానీ చెప్పాల్సిన మాట ఏ పిల్లవాడూ వాటిలో వెయ్యడు. రాస్తే అది నిజమైపోతుందని పిల్లలకు భయం. మా పెద్దాయన, అంటే బిషప్ గారి తర్వాతి స్థానంలో ఉండే వికార్ జనరల్ ఫాదర్, నాకు పని నేర్పింది ఒక్క వాక్యంలో. "కుర్చీలో కూర్చుంటే పిల్లలు నీకు పాఠం అప్పజెబుతారమ్మా, కింద కూర్చుంటే మాట్లాడతారు." అందుకే ఏ హాస్టల్‌కు వెళ్ళినా పిల్లలతో పాటు చివరి వరసలో నేల మీద కూర్చుని తినేదాన్ని. తర్వాత తొట్టి దగ్గర నా కంచం నేనే కడిగేదాన్ని. నేను తెలుసుకున్నవన్నీ కంచాలు కడిగే చోట తెలుసుకున్నవే.

పూజపెట్టె

మా వైపు ఒక ఫాదర్‌కు ఒక్క ఊరే ఉండదు. చుట్టుపక్కల చిన్న చిన్న ఊళ్ళన్నీ ఆయనవే. సాయంత్రం బైకు మీద ఒక ఊరికి పోయి పూజ, అంటే మాస్, చెప్పి వస్తాడు. పూజకు కావాల్సిన గిన్నె, వస్త్రాలు, పుస్తకం అన్నీ ఒక పెట్టెలో ఉంటాయి. బైకు వెనక హాస్టల్ పిల్లాడొకడు ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. వాణ్ణి ఊళ్ళల్లో 'ఫాదర్ పిల్లోడు' అంటారు. ఫాదర్ గారు ఎవరింట్లో భోంచేస్తే వాడికీ అక్కడే కోడికూర. ఆ పని తమ కొడుక్కు వచ్చిందంటే తల్లులు పక్కింటివాళ్ళకు చెప్పుకుంటారు.

విధాన పత్రం ప్రకారం ఒక పెద్దమనిషితో ఒక్క పిల్లాడే ఒంటరిగా ప్రయాణం చేయకూడదు, కనీసం ఇద్దరుండాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం బైకు మీద మొత్తం ఇద్దరే ఉండాలి. ఈ లెక్క ఎలా తేలాలని ఫాదర్లందరి సమావేశంలో లేచి అడిగాను. "అయితే పెట్టె నువ్వే మొయ్యి మేడం" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. మంచి జోకే, నేనూ నవ్వాను. టీ విరామంలో నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. నాలుగు కుర్చీల బల్ల, బిస్కెట్ల ప్లేటు, నేను. బిస్కెట్లు బాగున్నాయి.

ఇది మీకు ముందే చెప్పాలి. ఈ ఉద్యోగంలో మిమ్మల్ని ఎవరూ తిట్టరు. మీరు గదిలోకి రాగానే మాటలు ఆగిపోతాయి, అంతే. కొన్నాళ్ళకు ఆ నిశ్శబ్దాన్ని మీరే వెంటపెట్టుకుని తిరుగుతున్నట్టు ఉంటుంది, గొడుగులాగా.

గిద్దలూరు వైపు ఒక హాస్టల్లో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు, వయసు, తరగతి రాయను. చదివేవాడని మాత్రం రాస్తాను. ఆదివారం పూజలో బైబిలు పఠనం వాడిదే. మైకులో వాడి గొంతు మొదలైతే వెనక గోడకు ఆనుకుని కునుకుతున్న ముసలమ్మలు కూడా తలెత్తేవాళ్ళు. తండ్రి లేడు. తల్లిని ఇక్కడ కరుణమ్మ అంటాను. వాళ్ళ సొంతూరు ఆ హాస్టల్ ఉన్న ఊరే, బతుకుతెరువుకు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కూలి.

ఒక శుక్రవారం సాయంత్రం తొట్టి దగ్గర కంచం కడుగుతుంటే వాడు పక్కన చేరాడు.

"అక్కా, పూజపెట్టె మోసేదానికి ఇంకొకర్ని పెట్టమని చెప్తావా?"

"ఏం, బరువా?"

"బరువేం లే."

"మరేంది?"

"చేతులు నొప్పి."

ఆ పెట్టె నేనూ ఎత్తాను. పుస్తకాల సంచి కంటే తేలిక. ఇక ఏమీ అడగలేదు. కంచం శుభ్రమైపోయినా రుద్దుతూనే ఉన్నాను. కాసేపటికి వాడు చెప్పాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. అది వాడిది. చెప్పడం అయ్యాక అడిగాడు.

"నువ్వు ఎవురికీ చెప్పవు గదా?"

ఈ ప్రశ్న మీకూ వస్తుంది. చెప్పను అనాలని నాలుక చివరిదాకా వస్తుంది. అంటే ఆ క్షణానికి పిల్లవాడి మొహం తేలికపడుతుంది. మర్నాడు మీరు మాట తప్పాల్సి వస్తుంది. అప్పటికే ఒక పెద్దమనిషి వాడి దగ్గర మాట తప్పి ఉన్నాడు.

"చెప్తానురా" అన్నాను. "పోలీసులకు, మీ అమ్మకు, మా పెద్దాయనకు, చట్టం చెప్పమన్న వాళ్ళకు. ఇంకెవురికీ చెప్పను."

"అయితే నేను చెప్పింది అబద్దం."

"సరే. అయినా చెప్తా."

"అమ్మ కొడ్తది."

"నేను అడ్డం నిలబడతా."

నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు బక్కగా ఉండావు" అని, కంచం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం దాకా

పెద్దాయనకు అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళతో పని సులువు, మంచివాళ్ళ దగ్గరే కష్టం. నేను చెప్పడం అయ్యాక లైను కట్టయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"బిషప్ గారు బెంగళూరులో ఉండారమ్మా. వచ్చినాక..."

"పోలీస్ స్టేషన్ గిద్దలూరులోనే ఉంది ఫాదర్."

అంత బాధలోనూ ఆయనకు నవ్వొచ్చింది. "పో. నేను ఆపను" అన్నాడు.

ఇక్కడ అనుమానం పెట్టుకోవద్దు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోవడమే నేరం. చర్చి లోపల జరిపే విచారణ, రోముకు పంపే నివేదిక, బిషప్ గారి కమిటీ, ఇవన్నీ ఉంటాయి, ఉండాలి. అవేవీ పోలీసులకు చెప్పడానికి బదులు కావు, ముందూ కావు. ఆరోపణ నిజమా కాదా తేల్చే పని మీది కాదు. ఆ పని చేసేవాళ్ళ దగ్గరికి మాట చేర్చడమే మీది.

ఆ హాస్టల్ ఫాదర్‌ను వెంటనే పదవి నుంచి తప్పించి పంపెయ్యమన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు.

"ఈ పొద్దు తొట్టికాడ పిల్లోడు నీతో మాట్లాడింది ఎంతమంది చూసినారు?"

"చాలామంది."

"ఈ రాత్రికే ఫాదర్ మాయమైతే, ఎవురు చెప్పినారో కనుక్కునేదానికి ఊరికి ఎంతసేపు పడుతుంది? హాస్టల్లోకి ఇంకో ఫాదర్‌ను ఇప్పుడే పంపిస్తా. పిల్లల జోలికి ఆయన పోకుండా ఈయన కాపలా ఉంటాడు. ఆదివారం పూజ చెప్పి, బదిలీ మీద పోయినట్టు పోనీ. పిల్లోడి పేరు బయటికి రాదు."

వాదించాను, ఓడిపోయాను. ఆయన మాటలో న్యాయం ఉంది కాబట్టే ఓడిపోయాను.

శనివారం కరుణమ్మ వచ్చింది. తల్లో పలకల దుమ్ము అలాగే ఉంది. కొడుకును కొట్టలేదు. నా వైపు తిరిగి, "మొగపిల్లోడు గదమ్మా, ఏమైతది? మర్చిపోతాడులే" అంది. మళ్ళీ, "కేసంటే మమ్మల్ని మళ్ళా చర్చిలోకి రానిస్తారా? మా అత్త సమాధి ఆడనే ఉండాది" అంది. నేలకు చూస్తూ, "పూజపెట్టె మోస్తన్నాడని ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్నా గదమ్మా నేను" అంది.  

ఫిర్యాదు నేనే ఇస్తానని, అది నా మీద ఉన్న బాధ్యతని చెప్పాను. ఆమెకు ఊపిరి వచ్చింది. "అయితే నీ పేరే రాయి. మా పేరు యాడా రానీయొద్దు." మహిళా ఎస్సై మామూలు చీరలో వచ్చి, పిల్లవాడి పక్కన చాప మీద కూర్చుని మాట్లాడింది. సోమవారం మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలం అయ్యాక ఆ ఫాదర్‌ను అదుపులోకి తీసుకుంటామంది. పిల్లవాడు తల్లి దగ్గరే ఉండాలని, హాస్టల్‌కు మళ్ళీ పోనక్కర్లేదని బాలల సంక్షేమ కమిటీ వాళ్ళు చెప్పారు. వాడి ట్రంకుపెట్టె, పరుపు మాత్రం అక్కడే ఉన్నాయి.

"రేపు అందరూ పూజలో ఉన్నప్పుడు పోయి తెచ్చుకుందాం" అంది కరుణమ్మ. మంచి ఆలోచనే అనిపించింది.

షామియానా

మా వాళ్ళు ఒక సర్టిఫికెట్ కోసం ఆర్నెల్లు తిరుగుతారు. సన్మానం మాత్రం ఒక్క రాత్రిలో చేస్తారు. ఫాదర్ గారు బదిలీ మీద పోతున్నారని శనివారం తెలిసిందట. ఆదివారం మేం ఆటో దిగేసరికి హాస్టల్ ముందు షామియానా, కుర్చీలు, సౌండు బాక్సులు, వెనక పొయ్యిల మీద బిర్యానీ. పూజ అయిపోయి సభ మొదలైంది. వేదిక మీద మధ్య కుర్చీలో ఆ ఫాదర్, గడ్డం దాకా దండలు. పక్క కుర్చీలో మా పెద్దాయన. గొడవ లేకుండా సాగనంపుదామని వచ్చి ముఖ్య అతిథి అయిపోయాడు పాపం. ఆయన మెడలోనూ ఒక దండ పడింది. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

మేం పక్కగా నడిచి పోతుంటే ఉపదేశి చూశాడు. ఉపదేశి అంటే ఫాదర్ లేనప్పుడు ఊళ్ళో ప్రార్థనలు చెప్పే పెద్దమనిషి. మా పిల్లవాణ్ణి పుట్టినప్పటి నుంచి ఎరిగినవాడు, వాడికి మైకు ముందు నిలబడడం నేర్పినవాడు.

"యాడికి పోయినావురా నిన్నంతా? మైకు నీ కోసమే కాసుకోని ఉండాది. దా, దా!"

వాడి చేతిలో ఫ్రేము కట్టిన సన్మాన పత్రం పెట్టాడు. బంగారు రంగు అంచు, మధ్యలో ఫాదర్ ఫొటో, చుట్టూ గులాబీలు. మార్కాపురంలో రాత్రికి రాత్రి ప్రింటు చేయించారట.

"వేరేవాళ్ళు చదువుతారులే అన్నా" అన్నాను ఉపదేశితో.

"అట్లెట్ల మేడం? చదివేది వాడే గావాలని ఫాదర్ గారే ఏరికోరి అడిగినారు." ఆ మాట అంటుంటే ఆయన మొహం వెలిగిపోతోంది.

నేను వేదిక వైపు చూశాను. మధ్య కుర్చీలో ఆయన మమ్మల్నే చూస్తున్నాడు, చిరునవ్వుతో. ఎవరు చెప్పి ఉంటారో ఆయనకు తెలుసు. రేపు కోర్టులో ఆ చదవడం ఎలా పనికొస్తుందో కూడా తెలుసు. ఊరంతా చూస్తుండగా, మైకులో, వాడి గొంతుతోనే.

ఏది చేతికిచ్చినా ముందు ఒకసారి లోపల చదువుకోవడం వాడి అలవాటు. పెదవులు కదిలాయి. 'పసిపిల్లల పాలిటి పెన్నిధి' అని రెండో వరసలోనే ఉంది. అక్కడ ఆగాయి.

కరుణమ్మ నా చెవి దగ్గర గొణిగింది. "చదివేస్తాడులేమ్మా. రెండు నిమిషాల పని. చదివేసి పెట్టె తీసుకోని పోతాం."

"చదువుతా అక్కా" అన్నాడు వాడు. మెల్లగా, మామూలుగానే అన్నాడు. "చదవకపోతే ఎందుకని అడుగుతారు."

అడుగుతారు, నిజమే. చదివితే వాడి గొంతు ఇక వాడిది కాదు. చదవకపోతే వాడి రహస్యం ఇక వాడిది కాదు. పేరు బయటికి రాకూడదని మేం పెద్దవాళ్ళం వేసిన పథకం మొత్తం తిరిగి తిరిగి వాడి చేతిలోకే వచ్చి కూర్చుంది, గులాబీలతో సహా.

"నాకియ్యి" అన్నాను. "నువ్వు పోయి పెట్టె తెచ్చుకో."

ఫ్రేము తీసుకుని వేదిక ఎక్కాను. సౌండు అబ్బాయి మైకు నా ఎత్తుకు దించాడు. మేడం కూడా నాలుగు మంచి మాటలు చెబుతుందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఈ ఉద్యోగంలో నాకు పడిన చప్పట్లు అవే.

"ఫాదర్ గారు బదిలీ మీద పోవడం లేదు" అన్నాను. "ఆయన మీద ఒక ఫిర్యాదు ఉంది. పోలీసులకు ఇచ్చింది నేను. ఏమిటి, ఎవరి గురించి అన్నది చెప్పను. చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది. అంతదాకా ఈ సన్మానం వద్దు."

పత్రాన్ని బల్ల మీద బోర్లించి పెట్టాను.

సినిమాల్లో ఇలాంటప్పుడు గాలి ఆగిపోతుంది. మా దగ్గర జనరేటరు ఆగలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ పక్కావిణ్ణి అడిగింది. "ఏమంటాంది ఆమె?"

"ఫాదర్ మింద కేసు పెట్టిందంట."

"ఎందుకంట?"

"చెప్పదంట."

"చెప్పేదానికి ఏమన్నా ఉంటే గదా చెప్పేది! దిగవే కిందికి!"

తర్వాత అందరూ ఒకేసారి లేచారు. ఏమేమన్నారో అన్నీ గుర్తున్నాయి, రాయను. ఉపదేశి మాత్రం తిట్టలేదు. వేదిక మెట్ల దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, "మేడం, వాళ్ళు పిల్లలు, వాళ్ళ ముందర ఇట్ల మాట్లాడొచ్చునా?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. ఆ పిల్లల కోసమేనని ఆయనకెలా చెప్పను?

"ఫాదర్, మీరు చెప్పండి! నిజమేనా?" అని ఎవరో మా పెద్దాయన్ను అడిగారు. ఆయన లేచాడు. మైకు దగ్గరికి వచ్చాడు. నా వైపు చూశాడు. మెడలో దండ తీసి బల్ల మీద పెట్టాడు. "సభ ముగిసింది. భోజనాలు చేసి పోండి" అన్నాడు.

అంతే. నేను అబద్ధం చెబుతున్నానని అనలేదు. నిజమనీ అనలేదు. అది సగం ధైర్యం. తర్వాత ఆ సగం కూడా లేనివాళ్ళ కింద పనిచేశాను కాబట్టి ఆ సగానికి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

జనం భోజనాలు చేశారు. నన్ను తిట్టుకుంటూనే తిన్నారు, కానీ తిన్నారు. బిర్యానీ వాసన నాదాకా వచ్చింది, విస్తరి రాలేదు. షామియానా వెనక నుంచి ఒక తల్లి, ఒక పిల్లవాడు ట్రంకుపెట్టెను చెరోవైపు పట్టుకుని ఆటో దగ్గరికి నడుస్తున్నారు. ఊరంతా నన్నే చూస్తోంది. వాళ్ళ వైపు ఎవరూ తల తిప్పలేదు.

చాప మీద చోటు

సోమవారం పోలీసులు ఆ ఫాదర్‌ను తీసుకెళ్ళారు. కేసు ఇంకా కోర్టులో ఉంది, అందుకే దాని గురించి ఇంతకంటే రాయను. మైకులో అలా మాట్లాడినందుకు మేత్రాసనం లాయరు నాకు గంటసేపు క్లాసు పీకాడు. ఆయన చెప్పినదాంట్లో చాలావరకు సరైనదే.

నేర్చుకున్నది మాత్రం చెబుతాను. పేరు దాచడం వేరు, విషయం దాచడం వేరు. పిల్లవాడి పేరు, ఆనవాళ్ళు ప్రాణం పోయినా దాచండి. ఫాదర్‌ను ఎందుకు తప్పిస్తున్నామో మాత్రం మొదటిరోజే చెప్పండి. 'ఫిర్యాదు వచ్చింది, తేలేదాకా ఆయన్ను పదవికి దూరంగా ఉంచాం' అంటే చాలు. ఆ వాక్యం బిషప్ గారి సంతకంతో పూజలో చదవాలి. మనం రెండిటినీ ఒకే మూటలో కట్టి బదిలీ అని పేరు పెడతాం. ఆ మూటను చివరికి పిల్లవాడే మోస్తాడు. ఇప్పుడు మా దగ్గర ఆ వాక్యం పూజలో చదువుతున్నారని కొత్తమ్మాయి చెప్పింది. ఇంకో సంగతి, సాగనంపే సభల్లో పిల్లలతో పొగడ్తలు చదివించకండి. ఫాదర్ దేవదూత అయినా సరే.

నా గురించి పుకార్లు బాగా పుట్టాయి. పెంతెకోస్తు వాళ్ళలో కలిశానని, వాళ్ళు డబ్బిచ్చి చేయించారని ఒకటి. మా తమ్ముడికి బళ్ళో ఉద్యోగం ఇవ్వలేదని పగబట్టానని ఇంకొకటి. నాకు తమ్ముడు లేడు. ఫాదర్‌నే ప్రేమించానని, ఆయన కాదన్నాడని కూడా విన్నాను. ఆ కథలో నేను చాలా అందగత్తెను. అన్నీ శ్రద్ధగా విన్నాను. ఏ ఒక్కదాంట్లోనూ ఆ పిల్లవాడు లేడు.

మార్కాపురంలో మా చర్చిలో ఆడవాళ్ళం చాపల మీద కూర్చుంటాం. ఆ తర్వాత నేను కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. ఎండాకాలం గాలి బాగా తగిలేది. పూజలో ఒకచోట పక్కవాళ్ళకు చేతులు జోడించి 'సమాధానం', అంటే శాంతి కలగాలని, చెప్పుకుంటారు. నేను కుడివైపు తిరిగేదాన్ని, ఎడమవైపు తిరిగేదాన్ని, తర్వాత ఫ్యానుకు చెప్పి కూర్చునేదాన్ని.

మా నాయన చర్చి పండగకు తేరు భుజాన మోసేవాడు. ముందువైపు కుడి కొమ్ము, అంటే మోసే కర్ర, ఆయనదే. ఆ ఏడు కొమ్ము దగ్గరికి పోతే, "పెద్దోడివైనావు పెదనాయనా, కూచో" అన్నారట పిల్లకాయలు. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"నువ్వు జేసింది తప్పని నేనన్లా" అన్నాడు.

"అన్లేదులే నాయనా."

"ఎందుకు జేసినావో నాకన్నా చెప్పగూడదా?"

"గూడదు."

"తేరు బరువు తగ్గించినార్లే ఈసారి" అన్నాడు. మంచం మీద పడుకుని గోడవైపు తిరిగాడు. నా చతురత ఎవరి నుంచి వచ్చిందో మీకు అర్థమై ఉంటుంది.

ఈ పనిలో ఒంటరితనం ఇదే. చేసింది చెప్పుకోలేరు. మిమ్మల్ని తిట్టేవాడి నోరు మూయించే జవాబు మీ నోట్లోనే ఉంటుంది, దాన్ని మింగి అన్నం తినాలి. పెద్దాయన రిటైరయ్యాక ఒకసారి ఫోన్ చేశాడు.

"ఆ రోజు నీ పక్కన నిలబడి ఒక్క మాట చెప్పాల్సిందమ్మా నేను" అన్నాడు.

"అంతసేపు నిలబడితే మీకు షుగర్ పడిపోయేది ఫాదర్."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇద్దరం ఫోన్ పెట్టలేదు కూడా, చాలాసేపు.

బస్టాండు

కరుణమ్మ కొడుకును దూరంగా బంధువుల ఊళ్ళో బడిలో వేసింది. తర్వాత కోర్టు పనుల మీద తప్ప వాణ్ణి కలవలేదు. కలవకూడదు కూడా. నేను పక్కన కనిపిస్తే చాలు, ఊరు పోల్చుకుంటుంది. వాళ్ళ సందులోకి పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేదాన్ని.

ఉద్యోగం మానేశాక మొన్న ఒకరోజు మార్కాపురం బస్టాండులో నిలబడ్డాను. కాలేజీ పిల్లల గుంపు ఒకటి సోడా తాగుతోంది. మధ్యలో వాడు, సెలవులకు వచ్చినట్టున్నాడు. నా కంటే పొడుగయ్యాడు. సన్నగా మీసం. ఏదో చెబుతున్నాడు, మిగతావాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఆ గొంతు మారింది గానీ పట్టు మారలేదు.

గుంపులో ఒకడు నన్ను చూశాడు. వాడూ ఆ హాస్టల్ పిల్లాడే, షామియానా కింద కూర్చున్నవాడే.

"రేయ్, ఫాదర్ మింద కేసు పెట్టిన మేడం రా!"

"ఎవురు, ఆమేనా?"

"ఆమే. దూరంగా జరగండ్రా, మన మింద గూడా పెడ్తది!"

అందరూ పగలబడి నవ్వారు. కరుణమ్మ కొడుకు నా వైపు తిరిగాడు. నా కళ్ళలోకి చూశాడు. తర్వాత వాళ్ళతో పాటే నవ్వాడు, ఒక్క రవ్వ కూడా ఆలస్యం లేకుండా, మిగతావాళ్ళకంటే కాస్త గట్టిగానే. సోడా సీసా దుకాణం బల్ల మీద పెట్టి, ఎవడి భుజం మీదో చెయ్యి వేసి, ఆగిపోయిన కబురు మళ్ళీ అందుకున్నాడు.

అటు చూడకూడదు కాబట్టి, వాణ్ణి ఎరగనట్టు, ఎదురుగా ఆగి ఉన్న బస్సు బోర్డు చదువుతూ నిలబడ్డాను. చాలాసేపు చదివాను. దాని మీద ఉన్నది 'కనిగిరి' అన్న ఒక్క మాటే.